కొండవీడు కోట: పడిన గోడలు మళ్ళీ కట్టాలా?

సీతమ్మధార వాసి:
ఘాట్ రోడ్డు పడ్డాక గుంటూరు దగ్గరి కొండవీడు ఎక్కడం తేలికైంది. ఎక్కి చూస్తే మొండి గోడలు, కప్పులేని మండపాలు. రెడ్డిరాజుల రాజధాని ఇదేనని పిల్లలను ఎలా నమ్మిస్తాం? ఫ్రాన్సులో కార్కసోన్ కోటా ఒకప్పుడు శిథిలమే. వ్యోలె ల్య ద్యూక్ అనే వాస్తుశిల్పి 1853లో పని మొదలుపెట్టి బురుజులకు కప్పులతో సహా నిలబెట్టాడు. 1997లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మనమూ అలా కట్టాల్సిందే. కాదనేవారు కారణం చెప్పండి.

పెందుర్తి మాస్టారు:
చెబుతాను. ఆయన బురుజుల మీద పెట్టినవి పలకరాతి సూదికప్పులు. అది ఉత్తరాది పద్ధతి, దక్షిణ ఫ్రాన్సుకు నప్పదని విమర్శకులు మొత్తుకున్నారు. తరువాత కొన్నింటికి పెంకు వేయాల్సి వచ్చింది.

సరే, కొండవీడులో ఎవరి కోట కడతారు? అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధాని తెచ్చిన నాటిదా? గజపతులదా? 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచినదా? ఆ తరువాత గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోనిదా? ఒకరిది కొత్తగా కడితే మిగిలినవారి ఆనవాళ్ళు చెరిగిపోతాయి. కొండవీడు గెలిచాకే రాయలు మన సింహాచలం వచ్చి 1516లో శాసనం వేయించాడు. అక్షరాలు అరిగాయని దాని మీద కొత్తవి చెక్కితే మీరు ఊరుకుంటారా?

అసలు ఆ కొండ మీద నాకు గొప్పగా తోచేది గోడ కాదు, నీళ్ళు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కింద శత్రువు దారి మూసి కూర్చుంటే పైన సైన్యం బతికేది వాటితోనే. డబ్బుంటే ముందు వాటి కట్టలు చూడండి. గోడల సందుల్లో మొలిచిన రావిమొక్కలు వేళ్ళతో సహా తీసి, ఆ చీలికలు సున్నంతో పూడ్చండి. సిమెంటుతో కాదు.

భీమిలి రోడ్డు:
మన భీమిలి దారిలోని బౌద్ధక్షేత్రం తొట్లకొండను అప్పుడే మరిచిపోయారా? కొత్తగా కట్టిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కూలింది. ఇక కొండవీడు మీద ప్రయోగమా?

సీతమ్మధార వాసి:
అది పనితనంలో లోపం. దాన్ని చూపి పునర్నిర్మాణమే వద్దంటే ఎలా? మాస్టారూ, ఒరిగిన గోడను సున్నం ఒక్కటే ఆపదు. రాళ్ళు విప్పి మళ్ళీ పేర్చాలి. అది కట్టడం కాదా?

పెందుర్తి మాస్టారు:
ఉన్న రాయికి అంకె వేసి, ఫోటో తీసి, దాని చోట దాన్నే పెడితే నాకు అభ్యంతరం లేదు. కోట ద్వారం కొలేపల్లి దర్వాజా నుంచే మొదలుపెట్టండి. లేని రాయిని ఊహించి చెక్కించడమే వద్దంటున్నాను. కప్పులైతే అసలే వద్దు.

సీతమ్మధార వాసి:
అంటే సగం గోడ దగ్గరే ఆగిపోవాలి. దానికి నేను ఒప్పుకోను.