పుల్పిట్ మీద సూర్యకుమార్ క్యాచ్: వాక్యమా, కాలక్షేపమా?

రేపల్లె తాతయ్య (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు చిన్నవాడు, మంచివాడు. ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేస్తాడు. ఆయన మీద ఫిర్యాదు కాదిది.

మొన్న ఆదివారం బైబిల్లో యూదా పత్రిక 24 తీసుకున్నాడు. "తొట్రిల్లకుండ మిమ్మును కాపాడుటకు" శక్తిగల దేవుడు. చదివి రెండు నిమిషాలైనా కాలేదు, 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లోకి వెళ్ళిపోయాడు. ఆఖరి ఓవర్, దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి. మిల్లర్ లేపిన బంతి సిక్సర్ పోతోంది. సూర్యకుమార్ తాడు దగ్గర అందుకుని, తూలి బయటికి పోతూ బంతిని లోపలికి ఎగరేసి, మళ్ళీ లోపలికొచ్చి పట్టాడు. "బౌండరీ దాటిపోతున్న నిన్ను ప్రభువు అలాగే పట్టుకున్నాడు" అన్నాడు అయ్యగారు. కుర్రాళ్ళంతా చప్పట్లు. ఆరాధన మధ్యలో!

అంతకు ముందు వారం కొంగల గుంపు, దానికి ముందు వారం ఏదో సినిమా క్లైమాక్సు. ఇంటికొచ్చి మా మనవణ్ణి అడిగాను, ఇవాళ వాక్యం ఏంట్రా అని. "సూర్య క్యాచ్ తాతా" అన్నాడు.

ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవని కీర్తనకారుడే అన్నాడు, కాదనను. కొంగలదాకా సరే. సినిమాలో, క్రికెట్లో కూడా దేవుడు మాట్లాడతాడా? లేక ఆయన నోట మన మాటలు పలికిస్తున్నామా?

---

డాలస్ అబ్బాయి

వందనాలు తాతయ్యగారూ. మీ అయ్యగారి పక్షాన ఒక్క మాట. పౌలు ఏథెన్సులో ఏం చేశాడు? అపొస్తలుల కార్యములు 17లో, "మనమాయన సంతానమని మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు" అన్నాడు. ఆ కవి అరాటస్. ఆ పద్యం జ్యూస్ దేవుణ్ణి గురించి. విగ్రహాలు చూసి ఆత్మలో పరితపించినవాడే, వాళ్ళ కవి నోట్లోంచి సువార్తకి దారి తీశాడు. ఇప్పుడు ఏథెన్సుకి వెళ్తే కవిని కాదు, జనం చూసే సినిమానే ఎత్తుకునేవాడు.

ఇక్కడ మా పిల్లలకి తెలుగు ప్రసంగం సగం అర్థం కాదు. కనీసం ఒక సినిమా సీనైనా తగిలితే తల ఎత్తుతారు.

---

పాత పాటల పుస్తకం

తల ఎత్తుతారు, నిజమే. సీను అవగానే మళ్ళీ దించుతారు.

ఏథెన్సు అనగానే కవి దగ్గర ఆగిపోతారందరూ. తర్వాతి అధ్యాయం చదవండి. పౌలు అక్కణ్ణించి నేరుగా కొరింథు వెళ్ళాడు. ఆ కొరింథువాళ్ళకి తర్వాత రాసిందేంటి? సిలువవేయబడిన యేసుక్రీస్తును తప్ప మరిదేనిని మీమధ్య నెరుగకుందునని నిశ్చయించుకొన్నానని. ఏథెన్సులో కవుల్ని నమ్ముకుని దెబ్బతిన్నాడు కాబట్టే ఆ నిశ్చయం.

---

సెమినరీ కుర్రాడు

అంకుల్, ఈ మాట మా హాస్టల్లో కూడా చాలాసార్లు విన్నాను. కానీ పౌలు ఎక్కడా అలా చెప్పలేదు, మనం రెండు చోట్లని కలిపి కుట్టుకున్నది. ఏథెన్సులో దియొనూసి, దమరి, ఇంకొందరు నమ్మారని 34వ వచనంలోనే ఉంది. నవ్వినవాళ్ళు కవి పద్యానికి నవ్వలేదు, మృతుల పునరుత్థానం అనగానే నవ్వారు. అంటే పౌలు పద్యంతో ఆగలేదు, వాళ్ళు నవ్వే చోటిదాకా తీసుకెళ్ళాడు. క్యాచ్‌తో మొదలెట్టడంలో తప్పు లేదు, క్యాచ్‌తోనే ముగించడమే తప్పు.

అయితే డాలస్ అన్నా, మీ వైపు కూడా ఒక ప్రమాదం ఉంది. 1934లో స్విట్జర్లాండులో బ్రున్నర్ అనే వేదాంతి, సృష్టిలోనూ మనిషిలోనూ దేవుని ప్రత్యక్షతకి ఒక ఆనవాలు ఉందని రాశాడు. దానికి ఇంకో వేదాంతి కార్ల్ బార్త్ రాసిన జవాబు పుస్తకం పేరే "కాదు!". ఎందుకంత కోపం అంటే, పక్కనే జర్మనీలో కొందరు క్రైస్తవులు దేవుడు తమ జాతి చరిత్రలో, తమ నాయకుడు హిట్లర్‌లో కనిపిస్తున్నాడని చర్చిలోనే చెబుతున్నారు. అదే ఏడాది మే నెలలో, దానికి ఒప్పుకోని క్రైస్తవులు జర్మనీలోని బార్మెన్‌లో కూడి, చర్చి వినాల్సిన దేవుని వాక్యం యేసుక్రీస్తు ఒక్కడేనని ప్రకటన చేశారు. సంస్కృతిలో దేవుణ్ణి వెతికేవాడికి ముందుగా కనిపించేది తనకి నచ్చినదే. నాకు బ్రున్నర్ పూర్తిగా తప్పనిపించడు, కానీ బార్త్ భయం మర్చిపోలేను.

---

వెనక చాప అక్క

అన్నలూ, తమ్ముళ్ళూ, పౌలూ బార్తూ సరే. ఆ క్యాచ్ సంగతే అడుగుతా. మిల్లర్ ఏమయ్యాడు? ప్రభువు పట్టుకున్నది నన్నయితే, బ్యాటు పట్టుకుని తలదించుకుని వెళ్ళిపోయినవాడు ఎవరు? ఒకరు ఓడితేనే ఇంకొకరు గెలిచే ఆటలో కృపని ఇరికిస్తే ఎక్కడో చిరుగుతుంది. ఉదాహరణ చెప్పేముందు అయ్యగారు దాన్ని తిరగేసి చూసుకోవాలి కదా.

ఇంకోటి. పదేళ్ళుగా వింటున్నా, ఎప్పుడూ క్రికెట్టూ హీరోలే. యేసు ప్రభువు మూడు కుంచాల పిండిలో పుల్లని పిండి దాచిన ఆడమనిషి గురించి చెప్పాడు. దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, పోయిన నాణెం వెతుక్కునే ఆమె గురించి చెప్పాడు. దోసెపిండి సంగతి మాకెవరూ చెప్పక్కర్లేదు. డిసెంబరులో రాత్రంతా ఉంచినా పొంగదు, దుప్పటి కప్పి పొయ్యి పక్కన పెట్టాలి. రాజ్యం మెల్లగా పొంగుతుందని ఒక్కసారి ఆ గిన్నె చూపించి చెప్పండి, చాప మీద ఒక్కరు కునుకు తీస్తే అడగండి.

---

మెదక్ తంగేడు

అక్క మాటకి వందనం. నాది వేరే కిరికిరి.

మా దగ్గర పాస్టర్‌సాబ్ సినిమా పాట బాణీల స్తుతి పాట పాడిపిస్తడు. ఎవ్వరేమనరు. నేను ఓ యువకుల కూటంల తంగేడు పువ్వు, గునుగు పువ్వు పేరెత్తిన. వానలు పడ్డంక బీడు భూమిల ఎవ్వరు ఏయకున్నా పూస్తయి, అడవిపువ్వులు కష్టపడవు, ఒడకవు అన్నది గిదే అన్న. గంతే, బతుకమ్మను చర్చిల తెస్తుండని పెద్దలు లేచిండ్రు. సమకాలీన సంస్కృతి అంటే టీవీల వచ్చేదేనా? మా అమ్మమ్మ ఎరిగిన పువ్వులు లోకమైతయి, సినిమా లోకం కాదా?

మా మెదక్ చర్చి చూడుండ్రి. కరువుల కూలి లేని జనానికి పని పెట్టి పోస్నెట్ దొర కట్టిపిచ్చిండు, 1924 క్రిస్మస్ నాడు తెరిచిండ్రు. ఆ రంగుల అద్దాల కిటికీలు పొద్దుగాల పోతేనే కనవడతయి. ఎలుగు బయటికెళ్ళి రావాలె. రాత్రి లోపట ఎన్ని లైట్లు ఏసినా నల్లగనే ఉంటయి.

---

పాత పాటల పుస్తకం

తమ్ముడూ, పువ్వుకీ పండుగకీ తేడా ఉంది. పువ్వు దేవుడిది. పేర్చి గౌరమ్మని పెట్టి మొక్కితే అది వేరే ఆరాధన, ఆ పండుగ చేసుకునేవాళ్ళే ఆ మాట చెబుతారు. వాళ్ళ భక్తిని మనం ఉదాహరణకి వాడుకోవడం వాళ్ళకీ మర్యాద కాదు.

సినిమా బాణీ విషయంలో మాత్రం నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మన కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పాతకాలపు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరిగారు తెలుగు కీర్తన పద్ధతిలోనే క్రీస్తుని పాడారు. అది సంస్కృతి కాదా అంటే అవును. నేను ఒప్పుకుంటున్నది ఇంతవరకే.

---

నిర్వాహకుడు

ఇద్దరు హీరోల అభిమానుల గొడవ నాలుగు వ్యాఖ్యలు తీసేశాను. అయ్యగారి క్లైమాక్సు ఎవరి సినిమాదో ఇక్కడ అనవసరం.

---

బాపట్ల రైతు

ఆలస్యంగా చూశాను, కోతల్లో ఉన్నాం.

సినిమా గురించి నాకేం తెలీదు. సృష్టి దాకా సరేనని తాతయ్యగారు తేలిగ్గా వదిలేశారు, నాకు కష్టం అక్కడే. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 దాకా సృష్టి కాలం అని ఇప్పుడు చాలా సంఘాల్లో చేస్తున్నారు. 1989లో ఆర్థడాక్స్ క్రైస్తవుల మతపెద్ద పాట్రియార్కు సెప్టెంబర్ 1ని ప్రార్థన దినంగా ప్రకటించారు, అక్కణ్ణించి వచ్చింది. మంచిదే. ఐరోపాలో అప్పుడు కోతలు. మాకు అప్పటికి వరి పిలకలు వేస్తుంటుంది, గింజ ఊసే ఉండదు. మా కోతపండుగ వేరే. గుమ్మడికాయ, కోడిపుంజు, బస్తా వడ్లు తెచ్చి పెడతాం, వేలం పాడతాం.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన పనలు చేలోనే ఉన్నాయి. నీళ్ళలో నాని మొలకలొచ్చాయి. ఆ తర్వాత ఆదివారం ఒకాయన వచ్చి సృష్టి అందం మీద ప్రసంగం చేశాడు. అలలు, మేఘాలు, దేవుని చేతిపని. నేను బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను. మా అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన రాత్రి ఆవిడ తాటిచెట్టు పట్టుకుని బతికింది, చెల్లెలు పోయింది. అల కూడా దేవుని చేతిపనేనా అని ఆవిడ జీవితంలో ఒక్క బోధకుణ్ణే అడిగింది. ఆయన వెంటనే ఏం చెప్పలేదట. రోమా 8 తీసి సృష్టి యావత్తు మూలుగుచు ప్రసవవేదన పడుచున్నదని చదివి, పక్కన కూర్చున్నాడట. ఆ ప్రసంగం మా అమ్మకి చివరిదాకా గుర్తుంది.

ఏలీయా కొండ మీద నిలబడితే గాలిలో యెహోవా లేడు, భూకంపంలో లేడు, మెరుపులో లేడు అని రాసి ఉంది. తర్వాత నిమ్మళమైన స్వరం. సృష్టి మీద చెప్పేవాళ్ళు ఈ భాగం ఎందుకు తీసుకోరో.

---

డాలస్ అబ్బాయి

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా వాదన మార్చుకోలేదు, కానీ సినిమా సీను చెప్పి తల ఎత్తించడం తేలికే, మీ అమ్మగారి లాంటివాళ్ళ పక్కన కూర్చోవడం నాకు రాదు.

---

సెమినరీ కుర్రాడు

రైతు అన్నా, ఇది మా ప్రసంగ శాస్త్రం క్లాసులో చదివి వినిపించవచ్చా? ఊరు పేరు తీసేస్తాను.

---

బాపట్ల రైతు

చదువు తమ్ముడూ. ఊరు ఉంచు.

---

రేపల్లె తాతయ్య

నిన్న అయ్యగారితో మాట్లాడాను. వెనక చాప అమ్మాయి అడిగిన మిల్లర్ ప్రశ్న చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "అది నాకు తట్టలేదు తాతయ్యగారూ" అన్నాడు. క్రికెట్ మానేస్తానని మాత్రం అనలేదు. చప్పట్ల సంగతి నేనూ ఎత్తలేదు.

ఇంటికొచ్చి మనవణ్ణి మళ్ళీ కదిపాను. ఇంకా క్యాచ్ తప్ప ఏం గుర్తు లేదని మీకు రాద్దామనుకున్నాను. "యూదా ఎన్నో అధ్యాయంరా?" అన్నాను. "యూదాకి అధ్యాయాలుండవు తాతా, ఒకటే. 24 అంటే వచనం" అని, తొట్రిల్లకుండ దగ్గర మొదలుపెట్టి నిర్దోషులనుగా నిలువబెట్టుటదాకా ఆగకుండా చెప్పాడు. ఎప్పుడు నేర్చుకున్నావురా అంటే, ఆ క్యాచ్ వీడియో మళ్ళీ చూస్తూ బైబిలు తీశాడట.