గండికోట పక్కన చిన్న ఇల్లు: అద్దాల గోడ పెట్టొచ్చా, మట్టిమిద్దె వేయొచ్చా?

పెన్నాగట్టు:
అందరికీ నమస్తే అన్నా. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో మా నాయన భాగానికి వచ్చిన ఎకరా చిల్లర ఉంది, సగం బండ, సగం నల్లరేగడి, పడమర చూస్తే గుట్టలు. మేం బెంగుళూరులో ఉంటాం, ఎప్పుడన్నా వచ్చి రెండ్రోజులు ఉండి పోయేటట్టు చిన్న ఇల్లు కట్టాలని. ఒక గది, వంటకు ఒక మూల, బాత్రూం, అంతే, సోఫాలు కప్‌బోర్డులు ఏం వద్దు, మినిమలిస్ట్ అంటారే ఆ టైపు. డిజైన్ చేసే అతను పడమర గోడ మొత్తం అద్దం పెడదాం, పొద్దు గుంకేది మంచం మీద నుంచే చూడొచ్చు అంటున్నాడు, త్రీడీ బొమ్మ చూసి మా ఇంటామె ఫిక్స్ అయిపోయింది. మా నాయనేమో "ఎండాకాలం ఆ గదిలో వడియాలు పెట్టుకోండి" అంటాడు. పైకప్పు పాతకాలం మట్టిమిద్దె అయితే బాగుంటాదని నా ఆశ. తెలిసినోళ్లు చెప్పండి.

మిద్దెమీద_మామ:
మీ నాయన మాట విను నాయనా 😄

సీమరాయి:
పడమర అద్దం వద్దే వద్దు. సజ్జ వేస్తే సరిపోతాది అంటాడేమో మీవాడు, నడినెత్తి ఎండకైతే సజ్జ పనిచేస్తాది గానీ సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా నేరుగా లోపలికే కొడతాది, ఎంత సజ్జ వేసినా ఆగదు. అద్దంలోంచి లోపలికి వచ్చిన వేడి మళ్లీ బయటికి పోదు, మే నెలలో మన పక్క 43, 44 డిగ్రీలు మామూలే, ఇంక ఏసీ పెట్టాల్సిందే, ఏసీ పెట్టినాక ప్రకృతితో కలిసి బతికేదేముంది చెప్పు. ఇంకో సంగతి, మన దగ్గర ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా పోతాడు, అందుకని ఉత్తరం కిటికీకి కూడా చిన్న సజ్జ ఉండాల. పొడుగు గోడలు ఉత్తరం దక్షిణం పెట్టి, తూర్పు పడమర గోడలు పొట్టిగా పెట్టుకో.

పొద్దు గుంకేది చూడాలంటే ఇంట్లోంచే చూడాలని ఏముంది? పడమర పక్క ఎనిమిదడుగుల పంచ (వసారా) దింపు, రాతి అరుగు కట్టు, ఎండ తగ్గినాక అక్కడ కూర్చుంటావు, గది గోడ దాని వెనక నీడలో ఉంటాది. ఆ అరుగు మీద మాత్రం నల్ల కడప బండ వేయద్దు, ఎండకు పెనం మాదిరి కాలుతాది, కాలు పెట్టలేవు. అది లోపల గచ్చుకు వేసుకో, చల్లగా ఉంటాది. బయటకు లేతరంగు రాయి ఏదైనా.

ఇల్లు బండ ఉన్న సగంలోనే కట్టు. రేగడి వానకు ఉబ్బుతాది ఎండకు పగులుతాది, దాని మీద మామూలు పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. బండ మీదైతే పునాది ఖర్చు కూడా తగ్గుతాది, గోడలకు రాయి అక్కడే దొరుకుతాది. అడుగున్నర మందం రాతి గోడ కట్టి లోపల సున్నం కొట్టు, పగటి వేడి లోపలికి దిగేసరికి రాత్రి అయిపోతాది, అప్పుడు కిటికీలు తీసేస్తావు. రేగడి సగం జొన్నకో శనగకో వదిలెయ్.

అనంత_కానుగచెట్టు:
మట్టిమిద్దె గురించి నేను చెప్తా, మా తాతల ఇల్లు అదే, గవాచి (వెలుతురు కోసం మిద్దెకు వదిలే కంత) లోంచి పడే వెలుతురు, ఎండాకాలం ఆ చల్లదనం వేరే లెవల్. కానీ దూలాలు, వాటి మీద దంతెలు అనే సన్న కట్టెలు వేసి, పైన బోదగడ్డి పరిచి చౌడుమన్ను తొక్కినంత మాత్రాన అయిపోదు, ఏటేటా వానలకు ముందు మళ్లీ చౌడు పోయాల, మొలిచిన గడ్డి పీకాల. పొయ్యి పొగ ఉండేది కాబట్టి కట్టెకు పురుగు తక్కువ. నువ్వు నెలలు నెలలు తాళం వేసి పోతావు, చెద పట్టినా చూసేవాడు ఉండడు. మనుషులు కాపురం ఉండే ఇంటికే మిద్దె, నీకు సెట్ కాదు.

దానికి బదులు ఫిల్లర్ స్లాబ్ చూడు, కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. స్లాబ్ అడుగు భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ కమ్మీల మధ్య మంగుళూరు పెంకులు పెట్టి పోస్తారు, కాంక్రీటు మిగులుతాది, వేడి తగ్గుతాది, కింద నుంచి పెంకులు కనపడతాంటే ఫాల్స్ సీలింగ్ పని కూడా ఉండదు. పైన తెల్ల సున్నం కొట్టిస్తే చాలు.

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదే. వెయ్యి అడుగుల స్లాబ్ మీద 500 మిల్లీమీటర్ల వాన పడితే లెక్కకు 46 వేల లీటర్లు, కొంత పోయినా 35 వేలు సంపులోకి వస్తాయి, అప్పుడప్పుడు వచ్చి పోయేవాళ్లకు బోరు ఎందుకు? తొలి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలెయ్యాల, స్లాబ్ మీద దుమ్మంతా దాంట్లోనే ఉంటాది.

మిద్దెమీద_మామ:
జోకులు పక్కన పెడితే, డ్యామ్ నీళ్ల పక్క పొలమైతే ముందు ముంపు గీత ఎక్కడుందో చూసుకో. 2020లో గండికోట రిజర్వాయర్ నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఊరికి ఊరే మునిగింది.

పెన్నాగట్టు:
మాది రోడ్డు పక్కన మెరక మామా, నీళ్లు రావు. అద్దం క్యాన్సిల్, పంచ ఓకే, మా ఇంటామెకు మీ రిప్లైలు చూపించినా, "సరే గానీ తూర్పు పక్క ఒక పెద్ద కిటికీ అయినా పెట్టించు" అనింది. తూర్పు కిటికీ ముందు కానుగ పెట్టాలా వేప పెట్టాలా? ఏది తొందరగా నీడ ఇస్తాది?

అనంత_కానుగచెట్టు:
నా పేరు చూసి కూడా అడుగుతున్నావా 😄 కానుగే పెట్టు, మేకలు దాని జోలికి పెద్దగా రావు. గోడకు పదిహేను అడుగులు దూరంగా, ఈ జూన్ వానలకే నాటు, ఇల్లు తర్వాత కట్టుకోవచ్చు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోసేదానికి పక్క పొలం వాళ్లను ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.