కాఫీ దుకాణంలో రోజూ ఎదురయ్యే ప్రశ్నలు: ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి?

సందుచివరి కాఫీ, అనంతపురం (ప్రశ్న)

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గరలోని ఒక సందులో మేము చిన్న కాఫీ దుకాణం నడుపుతున్నాము. ఇది ఏ పెద్ద కంపెనీకీ ఫ్రాంచైజీ కాదు. చిక్కమగళూరు నుంచి, అరకు నుంచి వేయించిన గింజలు తెప్పించుకొని, ఏ పూటకాపూట పొడి పట్టుకొని, ఎస్ప్రెసో (వేడినీటిని ఒత్తిడితో పొడిలోంచి పంపి తీసే చిక్కటి కాఫీ) యంత్రం మీదా ఇత్తడి ఫిల్టర్‌లోనూ కాఫీ చేస్తాము. యంత్రం పని మా కుర్రవాళ్ళకు బాగానే పట్టుబడింది. చిక్కంతా గల్లా దగ్గర వచ్చే ప్రశ్నలతోనే.

ఈ మధ్య ఒక పెద్దాయన అరకు గింజలతో చేసిన పాలు లేని కాఫీ ఒక గుక్క తాగి, కప్పుతో సహా లేచి వచ్చి, "ఏం నాయనా, ఇది పులిసినట్టుందే, నిన్నటిదా?" అని అడిగారు. ఆ గింజ గుణమే అంత అని మా కుర్రవాడు చెప్పిన మాట నిజమే అయినా, అది ఆయనకు తప్పించుకునే మాటలా వినిపించింది. కాసేపటికి ఒక జేఎన్‌టీయూ విద్యార్థి కప్పుచినో (ఎస్ప్రెసోలో నురుగు పాలు పోసిన కాఫీ) వేడిగా లేదని, మళ్ళీ కాచి ఇమ్మని అడిగాడు. ఇక చికోరీ కలుపుతారా, స్ట్రాంగ్‌గా ఉండేది ఏది, రాత్రి పూట తాగితే నిద్ర పడుతుందా, మీ దగ్గర కొన్న పొడితోనే ఇంట్లో చేస్తే ఈ రుచి ఎందుకు రాదు, హోటల్ కాఫీ కంటే ఇంత ధర ఎందుకు అన్నవి రోజూ ఉండేవే. మన జిల్లాలో కాఫీ తోట వేయవచ్చా అని అడిగే రైతులు కూడా ఉన్నారు.

ఒక్కొక్కరికీ పాఠం చెప్పబోతే వెనుక వరుస పెరిగిపోతుంది. ముక్తసరిగా చెబితే నిర్లక్ష్యం అనుకుంటారు. ఈ పనిలో అనుభవం ఉన్నవారు ఇటువంటి ప్రశ్నలకు మీరు ఏమి చెబుతారో రాస్తే మాకు ఉపకారం.

గింజా పొడీ, కర్నూలు

మాది కర్నూలులో కాఫీ పొడి దుకాణం. మా దగ్గరకు వచ్చేవారు "ప్లాంటేషన్ ఏ సగం, పీబెర్రీ సగం, చికోరీ వందకు ఇరవై" అని గింజల రకాలు, కొలతతో సహా అడుగుతారు కనుక మాకు మీ అంత ఇబ్బంది లేదు. అయినా కొత్తవారు రాగానే నేను మొదట వేసే ప్రశ్న ఒక్కటే: "ఇంట్లో ఏ కాఫీ తాగుతారండీ?" జవాబులో సగం అక్కడే దొరుకుతుంది. మీ పెద్దాయనను కూడా ఆ మాట ముందే అడిగి ఉంటే, ముదురుగా వేయించిన పొడి, చికోరీ, చిక్కటి పాలు, చక్కెర కలిసిన కాఫీకి అలవాటు పడిన నాలుక ఆయనదని తెలిసేది. మీ అరకు గింజ అరబికా అనే రకం. అందులో సిట్రిక్, మాలిక్ వంటి ఆమ్లాలు సహజంగానే ఉంటాయి. లేతగా వేయిస్తే అవి చాలావరకు నిలుస్తాయి, వేపుడు ముదిరే కొద్దీ విరిగిపోయి చేదు పైకి వస్తుంది. గల్లా దగ్గర ఇంత చెప్పనక్కరలేదు. "ఇది లేత వేపుడండీ, కొంచెం పులుపు ఉంటుంది. మీకు ఫిల్టర్ కాఫీ నచ్చుతుంది, ఇది మార్చి ఇస్తాను" అంటే చాలు.

కానీ ఆయన ఫిర్యాదును పూర్తిగా గింజ మీదకు నెట్టేయకండి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల ఎస్ప్రెసో సుమారు 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. పొడి బరకగా ఉండి అది 15 సెకన్లలోనే దిగిపోతే, ముందుగా కరిగే పులుపు కప్పులోకి వచ్చి, తీపీ చేదూ పొడిలోనే ఉండిపోతాయి. ఎంత మంచి అరకు గింజైనా అప్పుడు పుల్లగానే ఉంటుంది. పులుపు అన్న మాట వినిపించిన ప్రతిసారీ పొడి పట్టే మర ఒకసారి చూసుకోమని కుర్రవాళ్ళకు చెప్పండి.

చికోరీ విషయంలో దాపరికం వద్దు. దానిని కల్తీ అనుకునేవారు కొందరు, అది లేకపోతే కాఫీయే కాదనేవారు కొందరు. చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పండిస్తారు. ఆ వేరును ముక్కలు చేసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ లేదు. కాఫీ పొడి కంటే చికోరీ నీటిలో ఎక్కువగా కరుగుతుంది కనుక డికాక్షన్ నల్లగా, చిక్కగా వస్తుంది, పాలు ధారాళంగా పోసినా రంగు నిలుస్తుంది. ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద ముద్రించాలి. చెప్పి కలిపితే అది మిశ్రమం, చెప్పకుండా కలిపితేనే మోసం. మీరు కలపకపోతే కలపడం లేదని, ఫిల్టర్ కాఫీలో కలిపితే ఎంత కలుపుతున్నారో ధరల పట్టిక మీదే రాసేయండి, ఆ ప్రశ్న సగానికి సగం తగ్గుతుంది.

స్ట్రాంగ్‌గా కావాలనేవారిలో ఎక్కువమందికి కావలసింది డికాక్షన్ ఎక్కువ, పాలు తక్కువ, అంతే. వారికి గింజల రకాల గురించి చెప్పడం వృథా. నిద్ర ఆపుకొని చదువుకోవాలని అడిగే విద్యార్థుల సంగతి వేరు, వారికి కెఫీన్ కావాలి. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే రోబస్టా అనే మరో రకం గింజలో దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. వేపుడు ముదిరితే కెఫీన్ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు గాని, అది పెరగదు. నల్లగా కనిపించే చికోరీ కాఫీలోనూ, కాఫీ తగ్గిన మేరకు కెఫీన్ తగ్గుతుంది.

ఇంట్లో రుచి రాకపోవడానికి కారణం చాలాసార్లు పొడి పాతబడటమే. గింజగా ఉన్నప్పుడు వారాల పాటు నిలిచే వాసన, పొడి పట్టిన తరువాత గాలి తగిలే మేర పెరిగి త్వరగా ఎగిరిపోతుంది. మన ఎండలకు అది ఇంకా త్వరపడుతుంది. అందరూ చేసే పొరపాటు డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టడం. చల్లటి డబ్బా బయటకు తీసి మూత తెరిచిన ప్రతిసారీ గాలిలోని తేమ పొడి మీదకు చేరుతుంది. వారానికి సరిపడా మాత్రమే కొనుక్కొని, గట్టి మూత ఉన్న డబ్బాలో పొయ్యికి దూరంగా పెట్టుకోమనండి. మరొక సంగతి, అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోసి తీసిన డికాక్షన్‌తో మీ రుచి ఎలా వస్తుంది? ఈ మాట మాత్రం కొంచెం సున్నితంగా చెప్పండి, చాలా ఇళ్ళలో అది పొదుపు.

ఫుడ్ టెక్నాలజీ బోధకుడు, అనంతపురం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నల గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే వాటి విషయంలో దుకాణదారు ఎక్కువ మాట్లాడటం మంచిది కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తయారుచేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాములు కెఫీన్ ఉంటుంది. టీ, కాఫీ అన్నీ కలిపి రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదని, భోజనానికి ముందు గంట, తరువాత గంట వీటిని తాగకుండా ఉంటే మంచిదని కూడా ఆ సంస్థ చెబుతోంది. వీటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఎక్కువగా కనిపించే మన ప్రాంతంలో, భోజనం చేసి నేరుగా మీ దుకాణానికి వచ్చేవారికి ఈ ఒక్క మాట చెప్పడం మీ వ్యాపారానికి కొంచెం నష్టమే అయినా, అడిగినవారికి చెప్పండి. గర్భిణులు, రక్తపోటుకు మందులు వాడేవారు అడిగితే వైద్యుడిని అడగమనండి, అంతకు మించి వద్దు.

నిద్ర విషయానికి వస్తే, ఆరోగ్యవంతుల ఒంట్లో కెఫీన్ సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరు గంటలకు తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదకొండుకు కూడా ఉంటుందని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

పాల వేడి గురించి: కప్పుచినోకు పాలను 60 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా మాత్రమే ఆవిరి పట్టడానికి కారణముంది. 70 దాటితే పాలలోని ప్రొటీన్ల స్వభావం మారి, నురుగు పెద్ద బుడగలై కూలిపోతుంది, కాచిన పాల వాసన వస్తుంది. హోటల్‌లో పొంగిన పాలతో కలిపే కాఫీ వేడి వేరు.

తోట సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. అరబికాకు చల్లటి కొండలు, 1600 మిల్లీమీటర్లకు పైగా వాన కావాలి, అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550.

ప్రొద్దుటూరు గ్లాసు, కడప జిల్లా

నేను దుకాణదారును కాను, తాగేవాడిని. పై ఇద్దరూ చెప్పినవి నిజాలే గాని, వేడి విషయంలో నేను ఒప్పుకోను. ఒకాయన డబ్బులిచ్చి వేడిగా కావాలని అడిగితే, నురుగు కూలిపోతుందని ఆయనకు నచ్చజెప్పడం దేనికి? కప్పును ముందుగా వేడినీళ్ళతో కడిగి ఇవ్వండి. అప్పటికీ చాలదంటే, నురుగు తగ్గుతుందని ఒక మాట చెప్పి, పాలు ఇంకాస్త కాచి ఇవ్వండి. పొగలు కక్కే కాఫీని డబరాలో తిరగబోసుకుంటూ తాగడం మా ఇళ్ళలో పుట్టిన దగ్గరనుంచీ చూస్తున్నదే, గోరువెచ్చటి కాఫీ ఇస్తే మర్యాద తక్కువైనట్టు అనిపిస్తుంది.

ధర గురించి కూడా సంజాయిషీలా కాకుండా లెక్కలా చెప్పండి. ఒక్క కాఫీకి 18 గ్రాముల గింజలు వాడుతున్నామని చెబితే, ఇంట్లో పొడి కొనేవారెవరైనా మనసులోనే లెక్క వేసుకుంటారు. బ్రెజిల్, వియత్నాంలలో కరవు వల్ల పంట తగ్గి, 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్‌లో అరబికా ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది, పేపరు చదివేవారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఇంకొక మాట. అరకు గింజలు వాడుతున్నామని మీరు ఎందుకు గట్టిగా చెప్పరు? అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, దానిని పండించేది మన రాష్ట్రంలోని గిరిజన రైతులు. కారణం తెలిస్తే పది రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి మాలాంటివాళ్ళు వెనుకాడరు.

సందుచివరి కాఫీ, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. కప్పులు వేడి చేయడం ఇవాళే మొదలుపెట్టాము, చికోరీ పాళ్ళు పట్టికలో రాయిస్తున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మా బోరు నీళ్ళు బాగా కఠినంగా ఉండటం వల్ల ఆర్‌ఓ నీటినే వాడుతున్నాము, అయినా కాఫీ చప్పగా ఉందని కొందరంటున్నారు. రెండవది, కెఫీన్ లేని కాఫీ ఉందా అని అప్పుడప్పుడు అడుగుతున్నారు, తెప్పించడం దండగ అవుతుందేమో అనిపిస్తోంది.

ఫుడ్ టెక్నాలజీ బోధకుడు, అనంతపురం

లవణాలన్నీ తీసేసిన నీటిలో కాఫీ రుచి పూర్తిగా దిగదు. కొద్దిగా కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. స్పెషాల్టీ కాఫీ సంఘం సూచించే లెక్క లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాముల లవణాలు. మీ ఆర్‌ఓ యంత్రంలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సర్దే మర ఉంటే దానితో అక్కడికి తీసుకురండి, ఒక చిన్న మీటరు ఉంటే సరిపోతుంది. అయితే బోరు నీటిని నేరుగా కలపకండి. మన జిల్లా భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది, మరిగించినంత మాత్రాన అది పోదు. ముందు నీటిని పరీక్ష చేయించండి.

గింజా పొడీ, కర్నూలు

డీకాఫ్ గింజల నుంచి కెఫీన్ దాదాపు 97 శాతం తీసేస్తారు, పూర్తిగా పోదు. అసలు ఉండదని ఎవరికీ చెప్పకండి. అప్పుడప్పుడు అడిగేవారి కోసమైతే పావుకిలో గింజలు తెచ్చి చూడండి, పొడి తెచ్చి పెట్టుకుంటే పాతబడుతుంది. కెఫీన్ బొత్తిగా వద్దనేవారికి పాలలో వట్టి చికోరీ డికాక్షన్ కలిపి ఇవ్వవచ్చు. మా దగ్గర అది కొనుక్కుపోయేవారు ఉన్నారు. పట్టికలో మాత్రం దానిని కాఫీల వరుసలో రాయకండి.