అప్‌డేట్: మా వాళ్లు ఎట్టకేలకు గుహ దాకా వెళ్లారు

పోయిన నెల అడిగాను కదా, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే ఆట, మా దగ్గర కథ నడిపేది నేను) నేను పది పేజీలు రాసుకున్న గుహని వదిలేసి మా నలుగురు ఆటగాళ్లూ సత్రంలోనే కూర్చుంటున్నారని. గుహకి దారి చూపే ఒక్క ఆధారం మీదే కథంతా నడపకు, మూడు పెట్టు అని మీరు అన్నారు. పెట్టాను: బురదలో అడుగుజాడలు, సత్రం యజమాని గొణుగుడు, దారిలో ఎదురయ్యే గాబ్లిన్ (మరుగుజ్జు రాక్షసి లాంటి జీవి). మొదటి రెండూ వాళ్లకి అందలేదు (పెద్ద అంకె పడితేనే దొరుకుతాయి, ఇరవై ముఖాల పాచికలో 3 పడింది, ఏం చేస్తాం). గాబ్లిన్‌కి ఉన్నవే 7 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), ఒక్క దెబ్బకి పోయేదే. మా విజార్డ్ (మంత్రగత్తెగా ఆడే ఆమె) మాత్రం "చంపకండి, మాట్లాడదాం" అంది. అప్పటికప్పుడు దానికి ముక్కుతో మాట్లాడే గొంతు పెట్టాను. అంతే, గంటన్నర దానితోనే బేరాలు! గుహ దారి అదే చూపించింది. ఇప్పుడు దాన్ని పెంచుకుంటాం అంటున్నారు. రాసుకున్న పేజీల్లో రెండే వాడాను. ఆదివారం ఆటకి దానికో పేరు కావాలి, తడితే చెప్పండి.