అభిరుచులు కలవలేదని సంబంధం వద్దనడం వంక పెట్టడమేనా?

నిత్యమల్లి (విజయవాడ)

ఇంట్లో ఈ మాట ఎత్తితే గొడవవుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నాకు 29 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఈ మధ్య వచ్చిన సంబంధం ఇంట్లో అందరికీ నచ్చింది. అబ్బాయిది ఖమ్మం దగ్గర పల్లె, హైదరాబాద్‌లో సైట్ ఇంజనీరు. మనిషి నెమ్మది. ఫోన్లో నాలుగుసార్లు మాట్లాడుకున్నాం.

మూడోసారి నాకు ఇష్టమైనవి చెప్పాను. చలం రాతలు, ఇళయరాజా పాటలు, కె. విశ్వనాథ్ సినిమాలు. మీకేం ఇష్టమని అడిగితే, పుస్తకాలు చదవనన్నాడు. సైట్‌లో కుర్రాళ్లు పెట్టే పాటలే తన పాటలన్నాడు. బాగా నచ్చిన సినిమా ‘అర్జున్ రెడ్డి’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మ అంటుంది, “పుస్తకాలు కూడు పెడతాయా, ఇంకెన్ని సంబంధాలకు వంకలు పెడతావు?” అని. నాకు చదవడం కాలక్షేపం కాదు. నాన్న పోయిన ఏడాది నన్ను మనిషిలా నిలబెట్టింది పుస్తకాలే. రేపు ఏదో ఒక పేజీ దగ్గర నాకు కన్నీళ్లొస్తే, ఎందుకో పక్కనున్న మనిషికి మొదటి నుంచీ చెప్పుకుంటూ రావాలా? నేను వంక పెడుతున్నానా, లేక నాకు కావలసింది అడుగుతున్నానా?

చింతచెట్టు (గుంటూరు)

తల్లీ, నాకు 61. 1990లో పెళ్లయింది. పెళ్లిచూపుల్లో మా ఆవిడను నేనడిగింది ఒక్కటే, ఎంతవరకు చదువుకున్నావని. నాకు బెంగాలీ రచయిత శరత్ పుస్తకాలంటే ప్రాణం. చక్రపాణి గారి అనువాదాలు మా నాన్న కొన్నవి, అట్టలు ఊడిపోతే నేనే బైండు చేయించాను. ‘దేవదాసు’ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ చేత కూడా చదివించాను. ఆ తర్వాత ఆవిడ దారి ఆవిడది, సాయంత్రమైతే టీవీ సీరియళ్లు. నేను వరండాలో, ఆవిడ హాల్లో.

2011లో నాకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని పదకొండు రాత్రులు పడుకున్నది ఆ మనిషే. ఆవిడకు ఏ రచయిత ఇష్టమో నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు. అబ్బాయి నెమ్మది అంటున్నావు, ఉద్యోగం ఉంది. ఇంట్లో పుస్తకాల అలమర లేదని మనిషిని వదులుకోకమ్మా.

వరాళి (హైదరాబాద్)

నిత్యమల్లీ, నువ్వు కోరుకుంటున్నది నాకు దొరికింది. అందుకే రాస్తున్నాను.

ఆయనా నేనూ కలిసిందే పుస్తక ప్రదర్శనలో. ఒకే పుస్తకం కోసం ఇద్దరం చెయ్యి చాచాం. ఇద్దరికీ కర్ణాటక సంగీతం ఇష్టం. త్యాగరాజ ఆరాధనకు తిరువయ్యారు వెళ్లి, ఇసకలో కూర్చుని పంచరత్నాలు విన్నాం. ఎవరు ఏ రాగం ఎలా పాడారని అర్ధరాత్రి దాకా మాట్లాడుకునేవాళ్లం. ఆయన అలమరలో చలం మొత్తం ఉండేది, ‘స్త్రీ’ రెండు కాపీలు. ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి సభల్లో ఎంత బాగా మాట్లాడేవాడో.

ఇంటికొస్తే ఆయన తిన్న కంచం నేను తీయాలి. నా జీతం ఆయన ఖాతాలోకి వెళ్లాలి. నేను పాట నేర్పడానికి బయటికెళ్తే ఏడు దాటకూడదు. అన్నీ మెత్తగానే చెప్పేవాడు, మంచి భాషలో. నాలుగేళ్లకు విడిపోయాం.

ఇష్టాలు కలిశాయి కదా అని మిగతా ఏదీ నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆడవాళ్ల స్వేచ్ఛ కోసం రాసిన చలాన్ని చదివినవాడు ఇలా ఉండడని అనుకున్నాను. అది నా పొరపాటు.

పాతపుస్తకం (విశాఖ)

వరాళి గారి బాధ అర్థమైంది. కానీ దాన్నుంచి “అభిరుచికి విలువ లేదు” అనే మాట తీస్తే నేను ఒప్పుకోను. ఆవిడ భర్త అబద్ధమాడాడు. అబద్ధమాడేవాళ్లు ఉన్నారని నిజం చెప్పేవాళ్ల మాట కూడా వినడం మానేద్దామా?

ఈ అబ్బాయి నిజం చెప్పాడు. ఆ నిజాన్ని చూడాలి. ‘అర్జున్ రెడ్డి’లో హీరో, అమ్మాయితో ఒక్క మాటైనా మాట్లాడకముందే ఆమెను తనదని ప్రకటిస్తాడు. అడక్కుండా ముద్దు పెడతాడు. తర్వాత ఒకచోట చెంపదెబ్బ కొడతాడు. 2017లో విడుదలప్పుడు రచ్చ దేనిమీద జరిగిందో గుర్తుందా? ఆర్టీసీ బస్సు మీద ముద్దు పోస్టరుందని కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు దాన్ని చించేశారు. ఊరంతా పోస్టరు గురించే మాట్లాడింది. చెంపదెబ్బ గురించి మాట్లాడినవాళ్లు అప్పుడు చాలా తక్కువ. 2019లో హిందీ రీమేక్ ‘కబీర్ సింగ్’ వచ్చాక, ఆ దెబ్బను ప్రేమలో భాగమన్నట్టు దర్శకుడే ఇంటర్వ్యూలో సమర్థించుకున్నాడు.

నేను సినిమాను నిషేధించమనడం లేదు. బాగా తీసిన సినిమా అని కూడా ఒప్పుకుంటాను. కానీ “నాకు బాగా నచ్చిన సినిమా” అని ఒకటే పేరు చెప్పే చోట ఆ పేరు వస్తే, పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి నిద్ర పట్టకపోవడం న్యాయమే. దాన్ని వంక అనకండి.

చింతచెట్టు గారూ, మీకు ఒక మాట. మీ ప్రాణమైన ‘దేవదాసు’ 1917 నాటి నవల. అందులో పార్వతి ఎదురు చెప్పిందని దేవదాసు ఆమె నుదుటి మీద కొడతాడు. మచ్చ పడుతుంది. ఆ మచ్చను ప్రేమగుర్తుగా మోస్తూ ఆమె బతుకుతుంది. మూడు తరాలు దాన్ని గొప్ప ప్రేమకథ అని చదువుకుని ఏడ్చాయి. ఆ దెబ్బ దగ్గర మీరెప్పుడైనా ఆగారా?

ఎర్రమట్టి (జనగామ)

సినిమా సంగతి పక్కన పెట్టి, నిత్యమల్లి గారి మొదటి పోస్టులోనే ఉన్న ఇంకో మాట మీద రాస్తాను. “పుస్తకాలు చదవనన్నాడు.” ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో గమనించారా?

నేను చదివిన బడిలో లైబ్రరీ అంటే తాళం వేసిన ఒక బీరువా. పదేళ్లలో దాన్ని తెరవడం రెండుసార్లు చూశాను, రెండుసార్లూ తనిఖీకి ఆఫీసర్లు వచ్చినప్పుడే. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లోనే పెట్టారు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం మొదలైంది. ఇవన్నీ పోటీ పరీక్షలకు చదివి తెలుసుకున్నాను. మా ఊరికి మాత్రం ఏదీ రాలేదు. పాఠ్యపుస్తకం కాకుండా నేను కొన్న మొదటి పుస్తకం 22 ఏళ్ల వయసులో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం. ముప్పై రూపాయలు.

మరి అప్పటిదాకా నాకు అభిరుచి లేదా? మా నాయనమ్మకు అక్షరం రాదు. మల్లన్న దేవుడి కథ మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. డోలు వాయిస్తూ పాడే ఒగ్గు కథతో పేరు పొందిన చుక్క సత్తయ్య గారిది మా జనగామ ప్రాంతమే. డోలు మోగితే చాలు, రాత్రి అన్నం కూడా తినకుండా పరిగెత్తేవాళ్లం. కథలో మల్లన్న అలిగితే అందరం దిగులుపడేవాళ్లం. తెల్లారి పొలంలో కలుపు తీస్తూ ఆడవాళ్లు ఆ రాత్రి కథ మీద వాదులాడుకునేవారు. ఫలానా చోట ఆయన చేసింది తప్పని ఒకరు, కాదని ఒకరు. అది సాహిత్య చర్చ కాక మరేంటి? కానీ “మీకిష్టమైన పుస్తకం ఏది?” అని అడిగితే మా నాయనమ్మ దగ్గర సమాధానం లేదు. చాలాకాలం నా దగ్గరా లేదు.

ఒక సంబంధం ఆ ప్రశ్న దగ్గరే తప్పిపోయింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. కానీ ఆ రోజు నేను తలదించుకున్నాను. తలదించుకోవలసిన పని నేనేం చేశాను?

మనం ఇష్టపడేవాటిలో సగం మనకు అందినవే. రేడియో ఉన్న ఇల్లు, పుస్తకాలు కొనే తండ్రి, దగ్గర్లో మంచి సినిమా హాలు, ఇవి దొరికినవాళ్లకు అభిరుచి అనే పేరు కూడా దొరుకుతుంది. ఇంకో విషయం. చలం చదివారంటే ఫలానా దృక్పథం అనుకుంటున్నాం. ఏ చలం? 1950లో అన్నీ వదిలి అరుణాచలం వెళ్లి, 1979లో పోయేదాకా రమణాశ్రమం దగ్గరే ఉండిపోయిన మనిషి ఆయన. రాసినాయనే అంత మారితే, చదివినవాళ్లను ఒక పేరుతో కొలవడం కష్టం.

నిత్యమల్లి

ఎర్రమట్టి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. గొంతు గమనించలేదు. నా జాబితా చెప్పడం అవ్వగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను ఆసక్తి లేకపోవడం అనుకున్నాను. నేను అడిగిన తీరు ఇంటర్వ్యూలా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ తప్పు నాదే.

కానీ సినిమా విషయంలో పాతపుస్తకం గారితోనే ఉన్నాను. ఆ సినిమా కూడా అందరికీ అందినదే, నాకూ అందింది. నాకు భయం వేసింది, ఆయనకు నచ్చింది. ఆ తేడాకు ఊరూ బడీ కారణం కావు.

డల్లాస్ నుంచి

మా ఇంట్లో కారు ఎక్కితే వెళ్లేటప్పుడు ఆవిడ పాటలు, వచ్చేటప్పుడు నావి. పదమూడేళ్లుగా ఇదే ఒప్పందం, ఒక్కసారి కూడా గొడవ రాలేదు. గొడవలొచ్చింది వేరేచోట, మా అమ్మానాన్నలకు డబ్బు పంపే విషయంలో, పిల్లల్ని కొట్టొచ్చా కూడదా అనే విషయంలో. పెళ్లికి ముందు ఆ రెండూ మేం మాట్లాడుకోలేదు. నిత్యమల్లి గారూ, మీరు మాట్లాడుకోండి.

చింతచెట్టు

పాతపుస్తకం గారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. రెండురోజులు ఆగాను.

ఆ దెబ్బ దగ్గర నేను ఆగలేదు. నిజానికి ఆ చోటు నాకు చాలా ఇష్టం, అక్కడే నాకు ఎక్కువ కన్నీళ్లు వచ్చేవి. దేవదాసు కోసం వచ్చేవి. పార్వతికి నొప్పి పుట్టిందన్న సంగతి నా దృష్టిలో ఎప్పుడూ పడలేదు.

నిన్న అన్నం తింటూ మా ఆవిడను అడిగాను, పెళ్లయిన కొత్తలో నీకు ‘దేవదాసు’ ఇచ్చాను, గుర్తుందా అని. గుర్తుందంది. ఎలా ఉందంటే, “పూర్తిగా చదవలేదు కదా” అంది. నేను ఆశ్చర్యపోయాను. ఆవిడ చదివిందనే ముప్పై అయిదేళ్లుగా అందరికీ చెప్తున్నాను. “నుదుటి మీద కొట్టిన చోట మూసేశాను. మా ఇంట్లో మా నాన్న అమ్మను కొట్టడం చిన్నప్పటి నుంచీ చూశాను. మళ్లీ పుస్తకంలో కూడా ఎందుకు అనిపించింది. అప్పట్లో మీరు చాలా ఇష్టంగా ఇచ్చారని చెప్పలేదు. మీరూ అడగలేదు” అంది.

నేను ఆవిడ మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అయినా ఆ ముద్ద గొంతు దిగలేదు. నిత్యమల్లీ, మనిషిని చూడు, పుస్తకాలను కాదు అని మొన్న రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ, నేను చూశానని అనుకున్న మనిషిని కూడా సరిగ్గా చూడలేదని తెలిసింది. ఆ సినిమాలో ఏం నచ్చిందో ఆ అబ్బాయిని అడుగమ్మా. పేరు విని ఊరుకోకు.

నిత్యమల్లి

అడిగాను. నిన్న రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం.

2017లో ఆయన ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. హాస్టల్ స్నేహితులు పన్నెండుమంది కలిసి వెళ్లారట. అప్పటికి వాళ్ల నాన్న అప్పుల్లో ఉన్నారు, ఎవరి ముందూ గట్టిగా మాట్లాడలేని రోజులు. తెరమీద ఒకడు ఎవరికీ భయపడకుండా కోపం చూపిస్తుంటే తనకు ఊపిరి ఆడినట్టు ఉందన్నాడు. ఆ మాట నమ్మాను. తర్వాత, చెంపదెబ్బ గురించి మీకేమనిపించిందని అడిగాను. కాసేపటికి, “ఆ సీను నాకు గుర్తే లేదు” అన్నాడు.

గుర్తుండి సమర్థించుకుంటే ఆ క్షణమే వద్దనేదాన్ని. గుర్తుండి తప్పన్నా నాకు తేలికయ్యేది. గుర్తే లేదంటే ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను.

తర్వాత ఆయన అన్నాడు, “మీరు సినిమా, పుస్తకం, పాట అడిగారు. ఇంకేం ఇష్టమని అడగలేదు.” అడిగాను. ప్రతి రెండో శనివారం ఊరెళ్లి నాన్నతో మిరప చేలో ఉంటాడట. ఆకుముడత వస్తే ఆకు తిప్పి చూసి, కారణం తామర పురుగా, నల్లి పురుగా అని చెప్పగలడట. ఆ విషయం చెప్పేటప్పుడు గొంతు మారింది. ఈసారి గమనించాను.

పాతపుస్తకం

గుర్తు లేకపోవడమే జవాబు అని నా అభిప్రాయం. మనకు తగలని దెబ్బే మనకు గుర్తుండదు. తొందరపడకండి.

ఎర్రమట్టి

23 ఏళ్లప్పుడు గుర్తుండలేదు. 31కి అడిగితే గుర్తు లేదని నిజం చెప్పాడు. ఇప్పుడు ఒకసారి చూడమనండి, ఆ తర్వాత ఏమంటాడో చూడండి. నేను తీర్పు అక్కడిదాకా ఆపుతాను.

నిత్యమల్లి

ఆదివారం విజయవాడ వస్తున్నాడు. అమ్మకు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ సీను ఇద్దరం కలిసి చూద్దామన్నాను, సరేనన్నాడు. డల్లాస్ నుంచి గారు చెప్పిన రెండు ప్రశ్నలూ, వరాళి గారి కంచం, జీతం, ఏడు గంటలూ కాగితం మీద రాసుకున్నాను. చలం గురించి ఈసారి అడగను.

చింతచెట్టు

ఆదివారం తర్వాత రాయి తల్లీ, ఎదురుచూస్తుంటాం. ఇవాళ పొద్దున మా ఆవిడ తానే వచ్చి ఇంకో మూడు పుస్తకాల పేర్లు చెప్పింది, నేనిస్తే సగంలో ఆపేసినవి. ఒక్కొక్కటి ఏ పేజీలో ఆపిందో చూపించమని అలమర తెరిచాను.