వార్‌క్రాఫ్ట్ 3లో హ్యూమన్ వర్సెస్ ఆర్క్: ఆర్మీ పెద్దదే, హీరో మాత్రం లెవల్ 3 దగ్గరే ఆగిపోతున్నాడు

గడ్డిపరక

వార్‌క్రాఫ్ట్ 3 ఎక్స్‌పాన్షన్ ఫ్రోజెన్ థ్రోన్, వన్ వర్సెస్ వన్. నాది హ్యూమన్, మొదటి హీరో ఆర్క్‌మేజ్. అవతల ఆర్క్, బ్లేడ్‌మాస్టర్‌తో వస్తాడు. పదో నిమిషానికి నా ఫుడ్ (యూనిట్లన్నీ కలిపి తినే లెక్క) 62 దాకా ఉంటుంది, దాదాపు అన్నీ ఫుట్‌మన్లే (మామూలు కాల్బలం). అయినా గోల్డ్ ఎప్పుడూ చాలదు. ఆర్క్‌మేజ్ లెవల్ 3లోనే ఉంటాడు, బ్లేడ్‌మాస్టర్ అప్పటికే 5. గ్రంట్లతో (ఆర్క్ కాల్బలం) ఒక్కసారి గట్టిగా తగిలితే ఆట అయిపోతుంది. క్రీప్స్‌ని (మ్యాప్‌లో ఎవరి పక్షమూ కాని జీవులు) కొట్టకుండా వదిలేయడం లేదు, దగ్గర్లో ఉన్న క్యాంపులన్నీ కొడుతున్నాను. తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పగలరా?

రాతికోట

మీరు చెప్పిన 62లోనే సగం జవాబు ఉందండీ. ఫుడ్ 50 వరకు అప్‌కీప్ (ఆర్మీ పెద్దదైతే పడే గోల్డ్ కోత) లేదు. 51 నుంచి 80 వరకు లో అప్‌కీప్, అంటే పెజెంట్ (పనివాడు) తెచ్చే ప్రతి 10 గోల్డ్‌లో మీ చేతికొచ్చేది 7. 80 దాటితే 4. పైగా మైన్‌లోంచి మాత్రం పూర్తి 10 తగ్గుతుంది, మిగతా 3 ఎవరికీ దక్కదు. అంటే 62 ఫుడ్‌తో ఊరికే నిలబడ్డ ప్రతి నిమిషం మీ మైన్‌లో కొంత మీకు దక్కకుండానే కరిగిపోతోంది.

పాత గైడుల్లో 40 అని రాసి ఉంటుంది. అది 2002లో వచ్చిన మొదటి ఆట లెక్క (40, 70, గరిష్ఠం 90). 2003లో ఎక్స్‌పాన్షన్‌తో అది 50, 80, 100 అయింది. రెండూ కలిపి చదివితే అయోమయం తప్పదు.

50 లోపల ఏం పడుతుందో లెక్క వేసుకోండి. గోల్డ్ మీద 5 పెజెంట్లు, లంబర్ (కలప) మీద 8, మొత్తం 13. హీరోలు ఇద్దరికి చెరో 5 చొప్పున 10. మిగిలింది 27, అంటే రెండు ఫుడ్ తినే యూనిట్లు 13. హ్యూమన్‌కి ఆ పదమూడు చాలు, కాకపోతే పదమూడూ ఫుట్‌మన్లే అయితే చాలవు. గ్రంట్‌ది హెవీ ఆర్మర్. దానికి మ్యాజిక్ దెబ్బ 200 శాతం తగులుతుంది, ఫుట్‌మన్ కొట్టే మామూలు దెబ్బ 100 శాతమే. అందుకని ముందు వరసకి నాలుగైదు ఫుట్‌మన్లు ఉంచి, టౌన్ హాల్ కీప్ (దాని తర్వాతి స్థాయి) అవగానే సోర్సెరెస్‌లని (మ్యాజిక్ దెబ్బ కొట్టే మంత్రగత్తెలు) దించండి. వాళ్ళ స్లో మంత్రాన్ని ఆటోకాస్ట్‌లో (దానంతటదే పడేలా) పెడితే తగిలిన గ్రంట్ నడక 60 శాతం, కొట్టే వేగం 25 శాతం పడిపోతుంది. వాడు వెనక్కి తగ్గాలన్నా తగ్గలేడు.

50 ఎప్పుడు దాటాలంటే, దాటాక వెంటనే కొట్లాటకి వెళ్ళేటట్టయితేనే. ముందు 50 దగ్గర ఆగి వెయ్యి గోల్డ్ దాకా కూడబెట్టండి. తర్వాత అన్ని బ్యారక్స్‌లోనూ (ఫుట్‌మన్లు తయారయ్యే కట్టడాలు) ఒకేసారి క్యూ పెట్టి 70కి ఎక్కి, నేరుగా వాడి బేస్ మీదకి వెళ్ళండి.

తెల్లగుడ్లగూబ

గోల్డ్ సంగతి పైన చెప్పేశారు, నేను లెవల్ సంగతి చెప్తాను.

హీరో లెవల్ 2కి 200 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి, 3కి 500, 4కి 900, 5కి 1400. క్రీప్ ఇచ్చేది దాని లెవల్‌ని బట్టి: లెవల్ 1కి 25, 2కి 40, 3కి 60, 4కి 85, 5కి 115. కానీ క్రీప్స్ నుంచి వచ్చేది పూర్తిగా రాదు. హీరో లెవల్ 1లో ఉంటే 80 శాతం, 2లో 70, 3లో 60, 4లో 50. లెవల్ 5కి చేరాక సున్నా.

ఉదాహరణకి ఒక లెవల్ 3, రెండు లెవల్ 2 క్రీప్స్ ఉన్న క్యాంపు మొత్తం 140. హీరో లెవల్ 1 అయితే 112 వస్తుంది, ఇలాంటివి రెండు కొడితే లెవల్ 2. అదే హీరో లెవల్ 4లో ఉంటే 70 మాత్రమే. 5కి వెళ్ళాలంటే ఎనిమిది క్యాంపులు కొట్టాలి, అన్ని మీ వంతుకి మిగలవు.

మరి బ్లేడ్‌మాస్టర్ ఎలా ఎక్కుతున్నాడు? మీ ఫుట్‌మన్ల మీద. ఆటగాడి యూనిట్‌ని చంపితే ఈ కోత ఉండదు. ఫుట్‌మన్ లెవల్ 2 యూనిట్, చచ్చిన ప్రతి ఫుట్‌మన్ వాడికి 40 ఎక్స్‌పీ. ఐదుగురు పోతే 200, మొదటి లెవల్ అంతా మీరే రాసిచ్చినట్టు. పోయింది 135 గోల్డ్ ఒక్కటే అనుకోకండి. రక్తం మూడో వంతుకి పడగానే ఆ ఒక్క ఫుట్‌మన్‌ని సెలెక్ట్ చేసి వెనక్కి నడిపించండి. వాడు వెంటపడి వస్తే ఇంకా మంచిది, మిగతా వాళ్ళంతా వాడినే కొడతారు. ఈ ఒక్క అలవాటుతో ఆట మొత్తం మారుతుంది, బిల్డ్ ఆర్డర్ కంటే నేను దీనికే ముందు ప్రాక్టీస్ చేయమంటాను.

గ్రంట్ లెవల్ 3, అంటే మీకు 60. లెవల్ 3 హీరోని చంపితే 160, లెవల్ 5 హీరో అయితే 300. వాడి బ్లేడ్‌మాస్టర్‌ని ఒక్కసారి పడగొట్టినా తేడా పూడుతుంది.

గడ్డిపరక

చాలా థాంక్స్. ఇలా ఎవరూ చెప్పలేదు. మొదటి మూడు నిమిషాలు కూడా సరిగ్గా ఉన్నాయో లేదో అనుమానం. ఆల్టర్ (హీరో తయారయ్యే కట్టడం) తర్వాత రెండు ఫార్మ్‌లు (ఫుడ్ పరిమితి పెంచేవి), ఆ తర్వాత బ్యారక్స్ కడుతున్నాను. ఇంకోటి, క్రీప్స్ చివర్లో ఉన్నప్పుడు బ్లేడ్‌మాస్టర్ కనపడకుండా వచ్చి పెద్దదాన్ని వాడు చంపేసి ఐటెం పట్టుకుపోతున్నాడు.

పొద్దుతిరుగుడు

రెండు ఫార్మ్‌లు ముందే అక్కర్లేదు బ్రో. మొదట్లో చేతిలో 500 గోల్డ్, 150 లంబర్ ఉంటాయి. ఖర్చు గోల్డ్/లంబర్ లెక్కలో ఆల్టర్ 180/50, బ్యారక్స్ 160/60, ఫార్మ్ 80/20. ఈ మూడింటికే 130 లంబర్ అయిపోతుంది, మిగిలిన 20తో రెండో ఫార్మ్ ముందే కట్టేస్తే తర్వాత దేనికీ ఉండదు.

టౌన్ హాల్ ఇచ్చేది 12 ఫుడ్. ఐదుగురు పెజెంట్లు, ఆర్క్‌మేజ్ 5, ఇంకో ఇద్దరు పెజెంట్లు, అంతే 12. కాబట్టి ఒక ఫార్మ్ ఆల్టర్ పూర్తయ్యేలోపు లేస్తే సరిపోతుంది. నలుగురిని గోల్డ్‌కి, ఒకడిని ఆల్టర్‌కి పంపు. మొదట పుట్టినవాడు గోల్డ్‌కి వెళ్తాడు, అక్కడితో ఐదుగురు అయ్యారు. మైన్‌లో ఆరోవాడిని పెట్టినా బయట నిలబడి ఎదురుచూడటం తప్ప లాభం లేదు. తర్వాత పుట్టినవాడు ఫార్మ్, ఆ తర్వాతివాడు బ్యారక్స్, ఆ పైన పుట్టినవాళ్ళంతా లంబర్‌కి. టౌన్ హాల్ క్యూ ఖాళీగా ఉండకూడదు, అలాగని ఐదుగురిని ఒకేసారి క్యూలో పెట్టి గోల్డ్ ఇరికించకూడదు.

ఆల్టర్ ఒక్కడే కడితే 60 సెకన్లు, ఆర్క్‌మేజ్‌కి 55. అంటే దాదాపు రెండో నిమిషానికి హీరో బయటికొస్తాడు. ఆట ఉదయం 8 గంటలకి మొదలవుతుంది, ఆటలో రోజంటే 8 నిమిషాలు. కాబట్టి 3:20కి చీకటి పడుతుంది, 7:20కి తెల్లారుతుంది. రాత్రి చాలా రకాల క్రీప్స్ నిద్రపోతాయి, పక్కనుంచి నడిచి వెళ్ళినా లేవవు. దెబ్బ తగిలితేనే లేస్తాయి. ఆరెంజ్ క్యాంపులని (మధ్యస్థం బలం ఉన్నవి) ఆ టైముకి ఉంచుకుంటే, అవి లేచేలోపు అందరూ ఒక్కదాని మీదే చుట్టూ నిలబడి మొదలుపెట్టొచ్చు.

ఆర్క్‌మేజ్ మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) 285, వాడు పిలిచే నీటి జీవి వాటర్ ఎలిమెంటల్ ఒక్కోటి 125. మొదట్లో రెండే పిలవగలడు, ఒక్కోటి ఉండేది 60 సెకన్లు. దారిలో పిలిచి నడిపించుకుంటూ వెళ్తే సగం వృథా. క్యాంపు అంచుకి చేరాక పిలిచి, దాన్నే ముందు పంపు. దెబ్బలు అది తింటుంది, ఫుట్‌మన్లు మిగులుతారు.

బ్లేడ్‌మాస్టర్ గురించి: ఎక్స్‌పీ చివరి దెబ్బ ఎవరిదైతే వాళ్ళకే వస్తుంది, నువ్వు తొంభై శాతం కొట్టావన్న లెక్క లేదు. అందుకే పెద్ద క్రీప్‌ని చివరికి ఉంచకు, ముందు దాన్నే పడగొట్టు. చిన్నవి వాడు దొంగిలించినా పోయేది తక్కువ. ఆర్క్‌మేజ్‌ని పెద్ద క్రీప్ పక్కనే నిలబెట్టు, ఐటెం పడగానే తీసుకోవాలి. బ్యాక్‌ప్యాక్ రీసెర్చ్ చేయనంతవరకు ఫుట్‌మన్లు ఐటెం ఎత్తలేరు, హీరోనే ఉండాలి.

తెల్లగుడ్లగూబ

ఒక్కటి కలుపుతాను. రెండో హీరో వస్తే 1200 దూరంలో ఉన్న హీరోలంతా ఎక్స్‌పీ పంచుకుంటారు. దానికి 425 గోల్డ్, 100 లంబర్ కూడా పోతాయి. ఆర్క్‌మేజ్ లెవల్ 3 అయ్యి ఎలిమెంటల్ రెండో స్థాయికి వచ్చాకే రెండోవాడిని తెచ్చుకోండి. మొదటి హీరోతో వచ్చే టౌన్ పోర్టల్‌ని (వెంటనే బేస్‌కి చేర్చే ఐటెం) మాత్రం క్రీపింగ్‌లో వాడెయ్యకండి, మళ్ళీ కొనాలంటే 350 గోల్డ్. వాడేటప్పుడు హీరో చుట్టూ దగ్గరగా ఉన్న యూనిట్లే వెనక్కి వస్తాయి. చెదిరిపోయి ఉంటే ముందు అందరినీ హీరో దగ్గరికి లాగి, అప్పుడు నొక్కండి.