పోతుఖర్జూరం పొడిని ‘పుప్పొడి’ అనొచ్చా?

ప్రశ్న: ఇటలీ వైద్యుడు ప్రోస్పెరో అల్పీని (1553–1617) ఈజిప్టు మొక్కల మీద లాటిన్‌లో రాసిన పుస్తకం 1592లో వెనిస్‌లో అచ్చయింది. అందులో ఖర్జూరం సంగతి ఉంది: మగ, ఆడ చెట్ల కొమ్మలు కలిపితేనో, మగపూల తొడుగులోని పొడిని ఆడపూల మీద చల్లితేనో తప్ప ఆడచెట్టు కాయదని. దాన్ని తెలుగు చేస్తున్నాను. ఇక్కడ ‘పరాగసంపర్కం’ వాడొచ్చా? ఆ పొడి పుప్పొడేనా?

జవాబు: పరాగసంపర్కం వద్దండీ. ఆ పొడి చేసే పనేమిటో ప్రయోగాలు చేసి చెప్పింది జర్మన్ వృక్షశాస్త్రవేత్త కమెరారియస్, అదీ 1694లో. అల్పీని 1580లో వెనిస్ కాన్సుల్‌కు వైద్యుడిగా కైరో వెళ్లి, అక్కడి తోటల్లో రైతులు చేసే పని చూసి రాశాడు. పుప్పొడి మాత్రం నిక్షేపంగా వాడండి. పూవు, పొడి కలిసిన మాట. మన కావ్యాల్లో తుమ్మెదలకు అంటుకునేది అదే.

మరో జవాబు: పుప్పొడికి నాకూ అభ్యంతరం లేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది ‘కొమ్మలు’. ఖర్జూరానికి కొమ్మలెక్కడివి? అలా రాస్తే చదివేవాళ్లు మట్టలనుకుంటారు. రైతు చేసేది ఇదీ: అప్పుడే పగిలిన మగ డొప్ప (పూల తొడుగు)లోంచి పూలరెమ్మలు కోసి, రెండు మూడు రెమ్మలు తలకిందులుగా ఆడగెల మధ్యలో దోపి, జారిపోకుండా వదులుగా కడతాడు. ఆడ డొప్ప విచ్చిన కొద్ది రోజుల్లోనే ఇది జరిగిపోవాలి. ఆలస్యమైతే గింజలేని, ఎదగని కాయలొస్తాయి. కట్టిన వెంటనే వాన పడితే పొడి కొట్టుకుపోతుంది, మళ్లీ కట్టాలి. ఒక్క మగచెట్టు పొడి దాదాపు 50 ఆడచెట్లకు సరిపోతుంది. అందుకే ‘గెల రెమ్మలు’ అనాలి.

ఇంకో జవాబు: మగచెట్టుకు ‘పోతుఖర్జూరం’ అనండి. కాయని తాటిని పోతుతాడు అంటాం కదా, మాట చెవికి కొత్తగా ఉండదు. అల్పీని పేరు దగ్గరా జాగ్రత్త. లాటిన్‌లో ఆయన ‘ఆల్పినస్’. దుంపరాష్ట్రం శాస్త్రీయనామంలోని ‘ఆల్పీనియా’ ఆయన పేరు మీద పెట్టిందే. లాటిన్‌లో ‘ఆల్పినస్’ అంటే ‘ఆల్ప్స్ కొండలది’ అని కూడా అర్థం. మనిషి పేరని చూపే పెద్దక్షరం (క్యాపిటల్) తెలుగు లిపిలో ఉండదు కాబట్టి ఆల్పీనియాను ఆల్ప్స్ కొండల మొక్క అనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మారుస్తున్నాను: “పోతుఖర్జూరం గెల రెమ్మలను ఆడగెలలో కలిపితేనో, లేదా అందరూ చేసేటట్టు డొప్పలోని పుప్పొడిని ఆడపూల మీద చల్లితేనో తప్ప, ఆడఖర్జూరం కాయదు.”